రెండు తప్పుల మాస్టారు

పోయిన వారం మా కాలేజీలో ఒక విద్యార్థి తన ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వైర్‌లెస్‌లో వచ్చే సన్నటి సిగ్నల్‌ని పట్టుకునే పద్ధతి గురించి. పాపం, కష్టపడే చేశాడు. ఆఖరి పేజీలో ఒక వాక్యం కింద ఎర్ర గీత కూడా గీశాడు. నెల రోజుల్లో ఒక్క తప్పుడు అలారం కూడా మోగలేదు, అన్నది ఆ వాక్యం. మెచ్చుకుంటానని నిలబడి ఎదురుచూస్తున్నాడు. నేను ఆ వాక్యం మళ్ళీ చదివాను. ఒక్కటి కూడానా అని అడిగాను. ఒక్కటి కూడా లేదన్నాడు నవ్వుతూ. మరి మోగాల్సినవి ఎన్ని మోగలేదో చూశావా అన్నాను. వాడి నవ్వు కాస్తా పోయింది. కసురుకున్నట్టే అడిగి ఉంటాను, నాది మొదట్నుంచీ దుడుకు నోరు.

ఆ ప్రశ్న నా సొంతం కాదు. మా మాస్టారిది. ఆయన పోయి అప్పటికి పద్నాలుగు రోజులు.

సంతాప సభలో ఆయన చదివిన చదువులూ, రాసిన వ్యాసాలూ, చేసిన ఉద్యోగాలూ వరసగా చదివి వినిపించారు. రెండు నిమిషాలు మౌనం పాటించి టీ తాగారు. చదివినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. కాని అందులో ఎక్కడా నాకు మాస్టారు కనబడలేదు. స్కూటర్‌కి తాళం వేసి, పదడుగులు నడిచి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసి, మళ్ళీ పదడుగులు నడిచి ఆగే మనిషి అందులో లేడు. మూడోసారి నన్ను పంపేవారు. "నా కళ్ళకి నమ్మకం పోయిందమ్మా, నువ్వెల్లి సూడు" అనేవారు. నేను వెళ్ళి లాగి చూసి వస్తే అప్పుడు మెట్లెక్కేవారు.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎడమ చెవి సరిగ్గా వినబడదు కాబట్టి తల ఎప్పుడూ కుడివైపుకి కొద్దిగా వంగి ఉండేది. కొత్తవాళ్ళకి అది వినయంలా కనిపించేది. కాలేజీలో తోటివాళ్ళతో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు, కంగారు పుడితే తెలుగు. మాతో ఆయన మాట్లాడిందంతా దాదాపు తెలుగే అంటే మీరే అర్థం చేసుకోండి. వాళ్ళ నాన్నగారు రైల్వేలో పనిచేస్తూ శ్రీకాకుళం వైపు నుంచి బరంపురం వచ్చి ఉండిపోయారట. మాది ఇక్కడే తాతల నాటి నుంచి కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. షాపువాళ్ళ పిల్లకి ఈ సిగ్నళ్ళ చదువు ఎందుకని మా ఇంట్లో అందరూ నవ్వినవాళ్ళే. ఎమ్‌టెక్‌లో ప్రాజెక్టుకి ఎవరూ ఆయన దగ్గర చేరేవారు కాదు, అనుమానపు మనిషి, డిగ్రీ తెమలనివ్వడు అని. నేను మొండితనం కొద్దీ చేరాను.

మొదటి రోజే బోర్డు మీద ఒక అడ్డగీత గీశారు. గాలిలో వచ్చే సిగ్నల్ మనం పంపినట్టు చేరదు. గోడలకి కొట్టుకుంటుంది, నీళ్ళ మీద జారుతుంది, దారిలో తనకు తానే అడ్డం పడుతుంది. ఆ దారి ఎలా ఉందో మనకి తెలియదు, తెలిసేలోపు మారిపోతుంది. చివరికి చేతికి వచ్చిన దాంట్లో సిగ్నల్ ఉందా, ఉత్త చప్పుడేనా అన్నది తేల్చాలి. అందుకోసం ఒక గీత. దాటితే ఉందంటాం, దాటకపోతే లేదంటాం. గీత కిందికి దించితే ప్రతి గాలీ సిగ్నల్ అయి కూర్చుంటుంది. పైకి జరిపితే నిజమైనది కూడా కిందే ఉండిపోతుంది.

"తప్పులు రెండే అమ్మా," అన్నారు సుద్ద చేతులు దులుపుకుంటూ. "లేనిదాన్ని ఉందనడం, ఉన్నదాన్ని లేదనడం. రెండూ ఒక్కపాలి తగ్గవు. ఏ తప్పు సేస్తే నీకు నిద్ర పడతాదో అది ఎంచుకో."

ఆయనకి మాత్రం ఏ తప్పు చేసినా నిద్ర పట్టేది కాదు. ఊళ్ళోనే గోసాని నువాగాం పేటలో వాళ్ళది అద్దె మేడ. వాళ్ళావిడని నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ ఒకరోజు నాకు అటుకుల ఉప్మా పెడుతూ, పాలు పొంగిపోయాయేమోనని ఈయన కాలేజీ నుంచి ఫోన్ చేస్తారమ్మా, పాలవాడు ఆ రోజు రాకపోయినా సరే, అని చెప్పింది. ఆయన పక్కనే కూర్చుని ఉన్నారు. నవ్వలేదు. "రానేదని నాకు తెలవదు కదా" అన్నారు.

ఫోన్ చేస్తే మొదట ఒక ప్రశ్న ఉండేది. ఇయ్యేల ఏ వారం అని. ఆయనకి తెలియక కాదు, ఎదురుగా క్యాలెండర్ ఉండేది. గురువారం సార్ అని మనం అంటామా, అవతల ఒక క్షణం ఏమీ వినబడదు, ఆ తరవాత అసలు మాట. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఒకసారి నిలదీస్తే చెప్పారు. తెలియని కబురు పంపే ముందు ఇద్దరికీ తెలిసిన ముక్క ఒకటి పంపుతాం, అది ఎంత వంకరపడి చేరిందో చూస్తే దారి ఎలా ఉందో తెలుస్తుంది, తరవాత వచ్చే తెలియనిదాన్ని ఆ వంకర తీసి చదువుకోవచ్చు. ఇది మా శాస్త్రంలో మొదటి పాఠం, ఎవరైనా చెబుతారు. దాన్ని మనుషుల మీద వాడినవాళ్ళని ఇంకొకర్ని నేను చూడలేదు. మా నాయనమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను శనివారం అన్న ఒక్క మాట విని, ఇవాళ రిపోర్టు సంగతి అడగను, ఎవరికి బాగోలేదో చెప్పమన్నారు. ఏడుపు ఆగలేదు నాకు.

మా ఊరి అమ్మవారు ఠాకురాణి జాతరప్పుడు సాయంత్రం నన్నూ మా క్లాసులో ఇంకో ముగ్గురినీ వాళ్ళ డాబా మీదికి రమ్మన్నారు. పండక్కి పిలిచారనుకుని మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాం. కళ్ళు మూసుకోమన్నారు. ఊరంతా డప్పులు, మైకులు, ఎవరి మాట వారికే వినబడటం లేదు. మన వీధి చివర డప్పు ఒకటి ఉంది, అది అప్పుడప్పుడు ఆగుతుంది, ఆగిందో మోగుతోందో నేను అడిగినప్పుడల్లా చెప్పండి అన్నారు. ఆయన పిట్టగోడ మీంచి వంగి చూస్తూ అడుగుతున్నారు. నేను కాసేపటికి విసుగెత్తి ప్రతిసారీ ఉంది, ఉంది అనేశాను. కళ్ళు తెరవమన్నారు. నువ్వు డప్పు మోగినప్పుడు ఒక్కసారి కూడా లేదనలేదని మెచ్చుకున్నట్టే అన్నారు. "అయితే ఏటంటే, రేపట్నుంచి నువ్వు ఉందన్నా ఎవులూ తల తిప్పి సూడరు." పిన్నిగారు అందరికీ మరమరాలతో మురీ కలిపి పెట్టింది. అది తింటున్నంతసేపూ ఆయన ఆ డప్పు వైపే చెవి పెట్టుకుని ఉన్నారు.

ఆ మరుసటి ఏడాది మాకు ఒక చిన్న ప్రాజెక్టు వచ్చింది. గోపాలపురానికి దక్షిణంగా సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లె. గంజాం తీరం పొడుగునా ఈ జాలర్ల, నోలియాలంటారు, ఇంటి మాట తెలుగే కాబట్టి మమ్మల్ని పరాయివాళ్ళలా చూడలేదు. ఫోన్ అందనంత దూరం వెళ్ళే పడవల్లో మేం చిన్న పెట్టెలు పెట్టాం. ఆపద వస్తే మీట నొక్కాలి. నొక్కినంతసేపూ పెట్టె ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ పంపుతుంది. ఒడ్డున తుఫాను షెల్టర్ పై గదిలో దాన్ని అందుకునే యంత్రం. దాని మీద ఒక ఆకుపచ్చ దీపం. ఏది కొంచెం బలంగా తగిలినా అది మినుకుమంటుంది. మేం పెట్టిన గీత దాటితే సైరన్ మోగుతుంది.

మొదటి రెండు నెలల్లో సైరన్ రెండుసార్లు ఊరికే మోగింది. రెండుసార్లూ వలలు వదిలేసి పడవలు వెళ్ళాయి, వెతికాయి, ఉత్తినే తిరిగొచ్చాయి. కులపెద్ద మమ్మల్ని కూర్చోబెట్టి, ఇంకోసారి ఇలా అయితే పెట్టెలు ఇసకలో పాతేస్తాం అని మర్యాదగానే చెప్పాడు. మాస్టారు తిండి మానేశారు. అప్పుడు నేను ఒక పద్ధతి రాశాను. సముద్రం చప్పుడు రోజంతా ఒకలా ఉండదు కదా, ఏ గంట చప్పుడు ఎంతో యంత్రమే రోజూ చూసి నేర్చుకుని ఆ గంటకి తగ్గట్టు గీతని అదే జరుపుకుంటుంది. అంతే, తప్పుడు అలారాలు పూర్తిగా ఆగిపోయాయి. ఆ తరవాతి నలభై రోజులూ నా కాళ్ళు నేల మీద లేవు. కాలేజీలో అందరూ భేష్ అన్నారు. మాస్టారు మాత్రం రోజూ ఒకటే అడిగేవారు, మోగాల్సినవి ఏవైనా మోగలేదా అని. ఎవరికీ ఆపద రాలేదు కదా సార్, ఇంకేం మోగుతుంది, అని నేను విసుక్కునేదాన్ని.

"ఏటీ మోగట్లేదంటే నాకు బయమేస్తందమ్మా" అనేవారు. ఆయనకి మోగినా భయమే, మోగకపోయినా భయమేనని నేను నా స్నేహితుల దగ్గర చెప్పి నవ్వేదాన్ని.

ఒకరోజు వాయుగుండం కబురు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకల్లా పడవలన్నీ ఒడ్డుకొచ్చేశాయి, ఒక్కటి తప్ప. అందులో ముగ్గురు. ఆ కబురు ఫోన్లో విని మాస్టారూ నేనూ ఆటోలో బయల్దేరాం. దారి పొడుగునా గాలికి కొబ్బరి మట్టలు రోడ్డు మీద పడి ఉన్నాయి. మేం చేరేసరికి మూడున్నర. పై గదిలో యంత్రం బాగానే పనిచేస్తోంది, సైరన్ మోగలేదు. అధికారులకి ఫోన్ చేశారట, పెద్ద పడవ చాలా దూరం నుంచి రావాలి, చీకటి పడుతుందన్నారట. సైరన్ మోగలేదంటే వాళ్ళు మీట నొక్కలేదు, నొక్కలేదంటే ఆపద లేదు, ఎక్కడో ఒడ్డు ఎక్కి ఉంటారు అన్నాను నేను. ధైర్యం చెప్పాననుకున్నాను.

మూల కూర్చున్న ఒక ఆడమనిషి లేచి వచ్చింది. నూకమ్మ ఆమె పేరు, ఆ పడవ ఆమె మొగుడిది.

"దీపం ఎలిగింది బాబూ," అంది మాస్టారితో. "రోజూ మూడు గంటలకి ఒక్కపాలి నొక్కుతారు, బాగున్నామని. ఎలిగి ఆరిపోద్ది. ఇయ్యేల ఆరనేదు. సన్నంగా ఎలుగుతానే ఉంది."

మాస్టారికి వినబడలేదేమో అనుకున్నాను. ఆయన తల కుడివైపు వంచి, మళ్ళీ చెప్పమన్నారు. అప్పుడు మిగతా ఆడవాళ్ళు కూడా చెప్పారు. ఒక్క ఆ పడవ కాదు, అన్ని పడవలూ అంతే. మేం పెట్టెలు పెట్టిన కొన్నాళ్ళకే ఆ దీపం సంగతి వీళ్ళు కనిపెట్టారు. మీట ఒక్క క్షణం నొక్కి వదిలితే సైరన్ మోగదు, దీపం మినుకుమంటుంది. అందుకని రోజూ మూడు గంటలకి ఎండుచేపలు ఏరే పని షెల్టర్ పక్కకి మార్చుకుని, వంతులేసుకుని పైకొచ్చి దీపం చూసి వెళ్ళేవారు. బ్యాటరీ పాడుచేస్తున్నారని మేం తిడతామని మాకు చెప్పలేదు.

రోజూ మూడు గంటలకి పెరుగుతున్నదాన్ని నా యంత్రం సముద్రం చప్పుడని నేర్చుకుంది. మూడు గంటలప్పుడు చప్పుడు ఎక్కువ అనుకుని గీతని రోజురోజుకీ పైకి జరుపుకుంటూ పోయింది. మనుషులు ఇంటికి పంపిన కబుర్లని చెత్త కింద లెక్కేసి, ఆ చెత్త కంటే గట్టిగా అరిస్తేనే వింటానని కూర్చుంది. అది రాసింది నేను. ఆ గ్రాఫుల్లో మూడు గంటల దగ్గర చిన్న గుట్ట రోజూ కనిపిస్తూనే ఉంది, ఉప్పుగాలి మార్పు అని దానికి నేనే పేరు కూడా పెట్టాను.

మాస్టారు నా వైపు చూశారు. తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది. లాప్‌టాప్ తెరవమన్నారు. ఆయన మాట క్లాసులో ఉన్నట్టే ఉంది. మూడు గంటల లెక్కలన్నీ తీసేయమన్నారు. పడవలన్నీ ఒడ్డున ఉండే పౌర్ణమి సెలవు రోజుల చప్పుడు మాత్రం తీసుకుని గీత మళ్ళీ కట్టమన్నారు. దారి ఎలా ఉందో తేల్చుకుందామంటే ముందొచ్చే తెలిసిన ముక్క కూడా చప్పుడులో మునిగిపోయింది. పడవ ఊగుతోంది, ఏరియల్ తీగ తడిసి ఉంటుంది, అలకో రకంగా వస్తుంది. సరే, దిక్కు తెలియనప్పుడు బలం మాత్రం కూడదాం అన్నారు. నొక్కినంతసేపూ పెట్టె ఒకే ముక్క పంపుతుంది కాబట్టి గంట నుంచి వచ్చిన ముక్కలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చాం, పలచటి కాగితాలు దొంతర పెట్టి వెలుతురుకి పట్టి చూసినట్టు. చప్పుడైతే ఒక్కోదాంట్లో ఒక్కోచోట ఉంటుంది. సిగ్నలైతే అన్నిట్లోనూ ఒక్కచోటే ఉండి ముదురుతుంది.

వచ్చిన అంకె చూశాను. నూటికి ఒక తప్పుడు అలారం ఫరవాలేదనుకుని గీసిన గీతని అది దాటింది. వెయ్యికి ఒకటి దాటకూడదనుకుని గీసిన గీతకి కిందే ఉంది. మధ్యలో వేలాడుతోంది.

కింద ఎనిమిది మంది మనుషులు పడవకి ఇంజను బిగించి, సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ గాలిలో పోవడమంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. లేని పడవ కోసం వెళ్తే ఈ ఎనిమిది మందీ పోవచ్చు. ఉన్న పడవని లేదంటే ఆ ముగ్గురూ పోతారు. బోర్డు మీద ఇన్నేళ్ళు గీసిన గీత ఇప్పుడు ఆయన ముందు ఇలా పడి ఉంది.

నువ్వేమంటావమ్మా అని అడిగారు నన్ను. ఆ క్షణం గురించి రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నాది ఎప్పుడూ ముందుండే నోరు. మీరే చెప్పండి సార్ అన్నాను.

కులపెద్ద మెట్లెక్కి వచ్చాడు. "ఉందా నేదా. ఒక్క మాట సెప్పండి బాబూ."

"నా మాట తప్పైతే?" అన్నారు మాస్టారు.

"తప్పైతే తప్పే. ఆలస్యమైతే ఆ రెండూ ఒకటే."

మాస్టారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయారు. "ఉంది" అన్నారు. కులపెద్ద వైపు తిరిగి ఇంకోసారి అన్నారు.

పడవ అలల మీదికి వెళ్ళాక ఆయన నాచేత ఒక పని చేయించారు. వెళ్ళిన ఎనిమిది మంది పేర్లూ వాళ్ళ ఇంటి ఆడవాళ్ళని అడిగి రాసి తెమ్మన్నారు. ఎందుకని అడగలేదు నేను. రాసి ఇస్తే ఆ కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని షెల్టర్ మెట్ల మీద కూర్చున్నారు. సముద్రం వైపు చూడలేదు. అక్షరాలు తడిసిపోతాయని కాగితం మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నారు.

వెలుతురు ఇంకా ఉండగానే పడవ తిరిగొచ్చింది, వెనకాల తాడుతో ఇంకో పడవ. బాహుదా నది సముద్రంలో కలిసే మొగకి ఎదురుగా, ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతున్నారట. ముగ్గురూ బతికే ఉన్నారు. నూకమ్మ మొగుడు మధ్యాహ్నం మూడింటి నుంచీ మీట మీంచి వేలు తీయలేదట. ఒడ్డున ఏడుపులూ అరుపులూ. మాస్టారు ఆ ముగ్గురి వైపు వెళ్ళలేదు. కాగితం పట్టుకుని ఎనిమిది మందినీ ఒక్కొక్కర్నీ చూసి లెక్కపెట్టుకుంటున్నారు. ఎనిమిదో మనిషిని ఇద్దరు పట్టుకుని దించారు. దానయ్య, ముప్ఫయ్యేళ్ళుంటాయి. తాడు కట్టేటప్పుడు రెండు పడవల మధ్య అతని కుడిచెయ్యి నలిగిపోయింది. బరంపురం ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు.

అందరూ మాస్టారిని దేవుడిలా చూశారు. కాలేజీలో పూలదండ వేస్తామన్నారు, ఆ రోజు ఆయన సెలవు పెట్టేశారు. ప్రాజెక్టు రిపోర్టు నాకు చెప్పకుండా తానే రాసి పంపారు. అందులో, చప్పుడుని కొలిచిన గంటలు ఎంచుకోవడంలో తప్పు జరిగింది, ఆ తప్పు గైడుది, అని ఉంది. నా పేరు ఆ పేజీలో లేదు. నేను వెళ్ళి పోట్లాడాను, నా తప్పు నాకు ఇచ్చేయమన్నాను. "గీత గీసింది నువ్వు, నమ్మింది నాను. నమ్మినోడిదే తప్పు" అన్నారు. పెట్టెలకి రెండో మీట పెట్టించారు. ఆపదకి ఒకటి, ఇంటికి ఒకటి. శాస్త్రంలో ఇదెక్కడి చోద్యం అని కాలేజీలో కొందరు నవ్వారు. ఆ ఊళ్ళో ఎవరూ నవ్వలేదు.

ఆ తరవాత పదకొండేళ్ళు, ప్రతి నెలా మొదటి ఆదివారం ఆయన ఆ ఊరు వెళ్ళేవారు. దానయ్యని చూడటానికి. నేను రెండుసార్లు ఆయన వెంట వెళ్ళాను. దానయ్య మూడు వేళ్ళతో వల అల్లడం నేర్చుకున్నాడు, సముద్రంలోకి మళ్ళీ వెళ్తున్నాడు కూడా. మాస్టారు గుమ్మంలో చాప మీద కూర్చుని, ఇంట్లో అందరి యోగక్షేమాలూ అడిగి, టీ తాగి, లేవబోయే ముందు అడిగేవారు.

"మల్లీ అలాటి రోజొచ్చి నాను ఉందంటే ఎల్తావా?"

దానయ్య జవాబు చెప్పడు. వల మీంచి తల ఎత్తడు. వాళ్ళావిడ గుమ్మం దాకా వచ్చి, చీకటి పడకముందే బస్సు ఎక్కండి బాబూ అంటుంది. తిరుగు బస్సులో మాస్టారు కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చునేవారు. ముగ్గురు మనుషులు ఇంటికొచ్చారు కదా సార్, ఇంకా ఏమిటి, అని నేను ఒకసారి గట్టిగానే అన్నాను. ఆ రోజు లెక్క నిజమైందో, అదృష్టం కలిసొచ్చిందో తనకి ఇప్పటికీ తెలియదన్నారు. బయటివాళ్ళు ఎవరేమన్నా లాభం లేదట. వేళ్ళు పోగొట్టుకున్నవాడు ఒక్క మాట వెళ్తానంటే, ఆ రోజు తాను చెప్పింది చెప్పాల్సిన మాటేనని నమ్ముతారట. "సెప్పట్లేదమ్మా. అంటే ఎల్లడు. అంటే నాను తప్పు సేసినట్టే." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, లెక్క తేలినప్పటి నిదానం ఉంది. నాకు దానయ్య మీద కోపం వచ్చింది.

ఆఖరి రోజుల్లో మంచం దిగలేనప్పుడు కూడా మొదటి ఆదివారం వస్తే చొక్కా తొడగమనేవారట. పిన్నిగారు చెప్పింది.

మాస్టారు పోయిన పదో రోజున వాళ్ళింట్లో జనం ఉన్నారు. నేను మంచినీళ్ళ బిందె కోసం కిందికి దిగితే మెట్ల దగ్గర దానయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, పైకి రావడానికి మొహమాటపడి అక్కడే ఉండిపోయాడు. జుట్టు సగం నెరిసింది. నీళ్ళిస్తే తాగి గ్లాసు రెండు చేతులతో తిరిగిచ్చాడు.

"నెలనెలా ఒచ్చి అదే మాట అడిగీవోరమ్మా" అన్నాడు.

నువ్వు ఒక్కసారి కూడా చెప్పలేదుగా అన్నాను. ఆ మాట పదునుగానే వచ్చింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

అతను ఆ మూడు వేళ్ళ చెయ్యి చూసుకున్నాడు.

"ఎల్తాననే అనుకున్నాను. ఆస్పత్రిలో ఉన్నప్పుడే అనీసుకున్నాను. సెప్పీస్తే ఇంక రారేమోనని సెప్పనేదు."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. పదకొండేళ్ళు మాస్టారు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. పైనుంచి పిన్నిగారు ఎవరొచ్చారమ్మా అని అడుగుతోంది. లేచి దానయ్య చెయ్యి పట్టుకున్నాను. పైకి వచ్చి ఆ మాట ఆవిడకైనా చెప్పమన్నాను.